పాత షాంపేన్ గురించి రాస్తున్న తమ్ముడికి

చిక్కడపల్లి, హైదరాబాద్

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బంజారాహిల్స్‌లో తెలిసినవాళ్లింట్లో 2008 పంటతో చేసిన షాంపేన్ రుచి చూశానని, అది మనసులోంచి పోక రాయడానికి కూర్చున్నానని చెప్పావు. ఆ తపన నాకు నచ్చింది. కానీ వ్యాసం నిండా బ్రియోష్ (వెన్న, గుడ్లు వేసి చేసే ఫ్రెంచ్ రొట్టె), హేజల్‌నట్, ట్రఫుల్ (నేలలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) అన్న మాటలే ఉన్నాయి. ఒక్కటి అడుగుతాను. నువ్వెప్పుడైనా బ్రియోష్ తిన్నావా? తినకపోతే గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే అదే ఎలా గుర్తొచ్చింది?

నిజంగా గుర్తొచ్చింది రాయి. తెల్లవారుజామున ఇరానీ బేకరీ పక్కనుంచి నడిచి వెళ్తుంటే భట్టీలోంచి వచ్చే బన్ను వాసన నీకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఉస్మానియా బిస్కెట్ విరిచినప్పటి వెన్న వాసన తెలుసు. పాయసం కోసం నేతిలో వేగుతున్న జీడిపప్పు ఎర్రబడే క్షణం తెలుసు. మంచి పాత షాంపేన్‌లో నాకు ప్రతిసారీ తగిలేవి ఇవే.

ఆ బన్ను వాసన ఎలా వస్తుందో తెలిస్తే ఇంకా ధైర్యంగా రాస్తావు. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో ముందు మామూలు వైన్ చేస్తారు. దాన్ని సీసాలో పోసి, కొంచెం చక్కెర, ఈస్ట్ కలిపి మూత బిగిస్తారు. లోపల అది రెండోసారి పులుస్తుంది. పుట్టిన గ్యాస్‌కి బయటికి దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. సీసాలో ఒత్తిడి దాదాపు 6 అట్మాస్ఫియర్లకు చేరుతుంది, అంటే కారు టైరులో ఉండేదానికి రెట్టింపు కంటే ఎక్కువ. పని అయిపోయాక ఈస్ట్ చచ్చి అడుగున మడ్డిగా దిగుతుంది. ఆ మడ్డి ఏళ్ల తరబడి నెమ్మదిగా విచ్చిపోతూ వైన్‌కి రొట్టె వాసన ఇస్తుంది. ఒకే ఏడాది పంటతో చేసే వింటేజ్ షాంపేన్‌ని సీసాలో నింపాక కనీసం 3 ఏళ్లు ఆపాలని అక్కడి నియమం. పేరున్న తయారీదారులు అంతకు రెట్టింపు కూడా ఆపుతారు. ఇదంతా జరిగేది రాన్స్, ఎపెర్నే ఊళ్ల కింద సుద్దరాతిలో తొలిచిన నేలమాళిగల్లో, ఎండాకాలం చలికాలం తేడా లేని చల్లదనంలో.

బుడగలు తక్కువగా ఉన్నాయని నిరాశగా రాశావు. అది లోపం కాదు తమ్ముడూ, వయసు. గ్యాస్ బిరడా గుండా కొద్దికొద్దిగా జారిపోతుంది, మిగిలిన బుడగలు సన్నగా, మెత్తగా ఉంటాయి. రంగు బంగారంలోకి తిరుగుతుంది. ఇన్నేళ్లూ దాన్ని నిలబెట్టేది పులుపు. 2008లో అక్కడ వేసవి చల్లగా గడిచి, సెప్టెంబరు ఎండ పంటను కాపాడింది. ఆ ఏటి వైన్లలో పులుపు పదును అందుకే. పాత చింతకాయ పచ్చడి అని చులకనగా అంటాం కానీ, ఏళ్లు నిలవున్న చింతకాయ పచ్చడిని వేడన్నంలో కలుపుకున్నవాడికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

వయసు వేరు, పాడవడం వేరు. నాకు ఒక స్నేహితుడు ప్రేమగా ఇచ్చిన సీసాని మంచి రోజు కోసమని అటక మీద పెట్టాను. మూడు ఎండాకాలాలు గడిచాయి. మేలో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుందని తెలిసీ పట్టించుకోలేదు. తీసిన రోజు చప్పుడే లేదు. ఉడికిన ఆపిల్, మాడిన బెల్లం పాకం వాసన. ఆ సాయంత్రం గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2010లో బాల్టిక్ సముద్రంలో, ఆలాండ్ దీవుల దగ్గర మునిగిన ఓడలో 168 షాంపేన్ సీసాలు దొరికాయి. చీకట్లో, చల్లటి నీళ్లలో దాదాపు 170 ఏళ్లు ఉన్నాయి. వాటిని పరీక్షించినవాళ్లు మొదట రాసుకున్న మాటలు ఏమిటో తెలుసా? జంతువుల వాసన, తడిసిన జుట్టు, చీజ్. గ్లాసులో తిప్పి గాలి తగలనిచ్చాకే పొగ, తోలు, మసాలా, పళ్లు, పూలు వచ్చాయి. అంత అపురూపమైన వైన్ ముందు కూర్చుని తడిసిన జుట్టు అని రాశారు చూడు, నీ వ్యాసంలో అలాంటి మాట ఒక్కటైనా ఉండాలని నా కోరిక.

ఈసారి అవకాశం వస్తే పొడుగాటి సన్న గ్లాసు వద్దు, కొంచెం పొట్ట ఉన్నది అడుగు. ఫ్రిజ్‌లోంచి తీయగానే తాగకు. 10, 12 డిగ్రీలకు వచ్చేదాకా ఆగు. గ్లాసు ముందు గంటసేపు కూర్చుని, పది నిమిషాలకోసారి ఒక్క వాక్యం రాసుకో. మొదటి వాక్యం, ఆఖరి వాక్యం ఒకేలా ఉంటే నువ్వు తాగింది మంచిది కాకపోవచ్చు, లేదా నీ ధ్యాస దాని మీద లేకపోవచ్చు.

వ్యాసం మళ్లీ రాసి పంపు. అన్నట్టు, గ్లాసు అడుగున మిగిలిన చివరి గుక్క ఎలా ఉందో నువ్వు ఎక్కడా చెప్పలేదు. నాకు అది తెలుసుకోవాలని ఉంది.

ఆశీస్సులతో,
అన్నయ్య