అమ్మీ, ఆ చివరి డబ్ల్యూ దగ్గర ఆగు

అమ్మీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే మొత్తుకోవడం. "నీ కోడలు ఆండ్రాయిడ్‌నే తయారు చేస్తాదంట. గదిలో కూర్చుని లంచ్ లంచ్ అంటా ఉంది, కంచం ముందరికి మాత్రం రాదు" అని. లంచ్ అంటే ఏ ఫోన్‌కి కట్టాలో ఎంచుకునే కమాండ్ అని చెప్పబోయి నవ్వొచ్చి ఊరుకున్నాను. మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పట్టిందంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఆ వెంటనే భయం కూడా పట్టుకుంది, నిద్ర పట్టలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ పెట్టి మర్చిపోతావు.

తేలికవి ముందు చెప్పేస్తా. ఆండ్రాయిడ్ సోర్స్, అంటే దాని మూల కోడ్ దించి, బిల్డ్ చేయడానికి, అంటే దాన్ని ఫోన్‌లో నడిచే రూపానికి కట్టడానికి, 400 జీబీ ఖాళీ, 64 జీబీ ర్యామ్ ఉండాలని గూగుల్ వాళ్ళే రాసిపెట్టారు. నీ 16 జీబీ ల్యాప్‌టాప్ మీద మొదలుపెట్టావనుకో, సగంలో మెమరీ చాలక బిల్డ్ చస్తుంది, నువ్వేమో నీ కోడ్‌లో తప్పుందని తెల్లార్లూ వెతుక్కుంటావు. కాలేజీ ల్యాబ్‌లో పెద్ద మిషన్ ఉంటే సార్‌ను అడుగు. అడగడానికి సిగ్గెందుకు? పైగా తిరుపతి మే నెల ఎండలో, మీ మేడమీది రేకుల గదిలో గంటల కొద్దీ మిషన్ నడిపితే అది ఏమవుతుందో నీకు చెప్పాలా?

కొత్త టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ ముందు ఎన్వ్‌సెటప్ అనే స్క్రిప్టును సోర్స్ చేయాలి, అంటే ఆ టెర్మినల్‌లోకి చదివించాలి, తర్వాత లంచ్. సుడో, అంటే అడ్మిన్ అధికారంతో నడపడం, దాని జోలికి పోవద్దు. బిల్డ్ రకాల్లో యూజర్‌డీబగ్ తీసుకో, తప్పులు వెతుక్కోవడానికి వీలుగా ఉంటుంది. సెట్టింగ్స్ యాప్‌లో ఒక్క అక్షరం మారిస్తే 'ఎం సెట్టింగ్స్' అనే కమాండ్ చాలు, లోకమంతా మళ్ళీ కట్టక్కర్లేదు. ఏదో తేడా వచ్చిందని కట్టినదంతా ఉండే అవుట్ ఫోల్డర్ మొత్తం తుడిచెయ్యొద్దు, మళ్ళీ అన్ని గంటలూ కూర్చోవాలి. బిల్డ్ ఆగిపోతే అందరూ చివరి వరుస చదువుతారు. నువ్వు పైకి వెళ్ళి 'ఫెయిల్డ్' అని మొదట ఎక్కడ పడిందో అక్కడ చదువు. అవుట్‌లో ఎర్రర్ లాగ్ కూడా ఉంటుంది. మా రోజుల్లో ఏది ఎలా కట్టాలో చెప్పేవి అంతా మేక్ ఫైళ్ళే. ఆండ్రాయిడ్ 7వ వెర్షన్‌తో సూంగ్ అనే కొత్త బిల్డ్ పద్ధతి వచ్చింది, ఆండ్రాయిడ్ బీపీ ఫైళ్ళు వచ్చాయి, చదవడానికి హాయి. అదృష్టవంతురాలివి.

ఇవన్నీ తప్పు చేసినా దిద్దుకోవచ్చు. ఫోన్‌లోకి ఎక్కించడం, అంటే ఫ్లాష్ చేయడం, అలా కాదు.

2017లో నేను బెంగళూరులో పని చేస్తూ శనివారం బస్సెక్కి చిత్తూరు వచ్చేవాణ్ణి. నా దగ్గర రెండు నెక్సస్ 5ఎక్స్ ఫోన్లు ఉండేవి, రెండూ నల్లవే. ఒకటి టెస్టుకు. రెండోది, పాతది, మీ అవ్వకిచ్చాను, నేను కట్టిన బిల్డ్ వేసి మరీ. ఎంత గొప్పో! దాని బూట్‌లోడర్‌ను, అంటే ఫోన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌ను, మళ్ళీ లాక్ చేయలేదు. చేసి ఉంటే అది ఫ్లాష్‌ను ఒప్పుకునేది కాదు, బతికిపోయేవాళ్ళం.

ఆ ఫోన్‌లో మీ తాత గొంతు ఉంది. పోవడానికి ముందు వేసవిలో, బెంగళూరా మామిడి చెట్టు మీద కోతుల్ని తోలతా బూతులు తిడుతుంటే అవ్వ వేలు తగిలి రికార్డయింది. నిమిషం కూడా ఉండదు. అవ్వ రోజూ సంగటి తిన్నాక ఒకసారి పెట్టుకుని వినేది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేది.

ఆ ఆదివారం నా టెస్టు బిల్డ్ బూట్ కావడం లేదు. మూడు రాత్రులు నిద్ర లేదు. బల్ల మీద రెండు ఫోన్లూ పక్కపక్కనే ఛార్జింగ్‌లో ఉన్నాయి. ఒకటి తీసి పవర్, వాల్యూమ్ డౌన్ నొక్కి కేబుల్ గుచ్చాను. 'ఫాస్ట్‌బూట్ ఫ్లాష్‌ఆల్ హైఫన్ డబ్ల్యూ' అని, కట్టిన బిల్డ్‌ను ఫోన్‌లోకి ఎక్కించే కమాండ్ కొట్టాను. ఆ డబ్ల్యూ అంటే వైప్, యూజర్ డేటా మొత్తం తుడిచెయ్ అని. అది నిన్ను మళ్ళీ ఒక మాట అడగదు. కొట్టానో లేదో పని అయిపోయింది. బూట్ అయిందని చప్పట్లు కూడా కొట్టుకున్నా, వెధవని.

సాయంత్రం అవ్వ వచ్చి, "ఆరింటి మాత్రకి అలారం కొట్టలేదేరా?" అంది.

ఆ ఫోన్ పెట్టెలోంచి వచ్చేటప్పుడే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే డేటాకు తాళం పడి వచ్చేది. తుడిచాక తాళంచెవులు కూడా పోతాయి, ఎవరి చేతికిచ్చినా తిరిగి రాదు. ఆ సంగతి నాకు ఆ నిమిషమే తెలుసు. అవ్వతో మాత్రం, బెంగళూరులో బాగా తెలిసినవాళ్ళకి ఇస్తానమ్మా, తెప్పిస్తారు అన్నాను. తర్వాత ఎన్ని శనివారాలు బస్సు దిగినా, చెప్పులు విడవకముందే "ఏమన్నారురా?" అనేది. చూస్తున్నారమ్మా అనేవాణ్ణి.

కాబట్టి ముందు కొన్నాళ్ళు కటిల్‌ఫిష్ మీదే ఆడుకో. అది లినక్స్ మిషన్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్, ఎన్నిసార్లు తుడిచినా ఎవరికీ నష్టం లేదు. నిజం ఫోన్ దాకా వచ్చాక దానికి ఎర్ర టేపు అంటించు. 'ఫాస్ట్‌బూట్ డివైసెస్' కొట్టి, కనబడిన సీరియల్ నంబరును కాగితం మీద రాసుకున్న దానితో సరిచూసుకో. ఫ్లాష్ చేసేటప్పుడు హైఫన్ ఎస్ పెట్టి ఆ నంబరు ఇవ్వు. రాత్రి పది దాటితే కేబుల్ ముట్టుకోవద్దు. నామీద ఒట్టు. మీ అమ్మ ఫోన్ ఉన్న గదిలోనే ఈ పని పెట్టుకోవద్దు.

ఇంకొకటుంది. నువ్వు ఫోన్లు చేసే చదువులో పడ్డావని అవ్వకు తెలిసింది. పండక్కి వచ్చినప్పుడు ఆ పాత ఫోన్ గుడ్డలో చుట్టి తెచ్చి నీ చేతిలో పెడుతుంది, తాత మాట తెప్పించమని. ఇంకా పారెయ్యలేదు, బీరువాలో పెట్టుకుంది. చూస్తానవ్వా అనొద్దు. రాదని చెప్పు. నేను పక్కనే ఉంటాను, ఎవరి వల్ల పోయిందో కూడా చెబుతాను.

అన్నం తిను.

మీ మామ