ధర చివరి రెండు సున్నాలు

బిడ్డా,

ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి లాట్ల ధరలు తీసుకునే ప్రోగ్రాం ఒకటి, తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేసేది ఒకటి, రైతుకు ఎస్సెమ్మెస్ కొట్టేది ఒకటి, మూడు విడివిడిగ నడిపిస్తనంటున్నవని మీ అమ్మ చెప్పింది. సంబురమైంది, గుబులూ అయింది. ప్రోగ్రాంలు రాసుడు అల్కనే, వాటిని ఒకదానితోని ఒకటి మాట్లాడించుడే తిప్పలు.

మూడూ ఒక్క సర్వర్ మీదుంటే యూనిక్స్ డొమైన్ సాకెట్ చాలు, అది ఒకే మిషన్ల ప్రోగ్రాంలు మాట్లాడుకునే గొట్టం. రెండు మిషన్లైతే నెట్‌వర్క్ మీద నడిచే టీసీపీ. అవతలిది పడిపోయినా సమాచారం పోవద్దంటే క్యూ, మెసేజ్‌లను వరుసగ దాచిపెట్టేది. నీకు ఎస్సెమ్మెస్ కాడ రాబిట్‌ఎంక్యూ పెట్టుకో. నలుగురు అంటున్నరని కాఫ్కా అసొంటి పెద్ద వ్యవస్థను నెత్తిన పెట్టుకోకు. షేర్డ్ మెమరీ (ప్రోగ్రాంలన్నీ ఒక్క మెమరీనే వాడుకునుడు) వేగమే గని, ఒకేసారి రాయకుండ ఆపే తాళాలన్నీ నువ్వే చూసుకోవాలె, వద్దు.

అసలు భయం వేరే ఉంది. ఇటు ఒక్కసారి రాస్తే అటు ఒక్కసారి చదివితే అయిపాయె అనుకునుడు పాత తప్పు, ఇంకా అందరూ చేస్తనే ఉన్నరు. టీసీపీ గని యూనిక్స్ గని, స్ట్రీమ్ సాకెట్‌కు మెసేజ్ అంటే ఏందో తెల్వదు, బైట్ల ధార అంతే. ‘417,తేజ,38,19500’ అని పంపినవనుకో, ముందు లాటు నంబరు, తర్వాత మిర్చి రకం, చివర ధర. లోడ్ పెరిగిననాడు అవతల ముందు ‘417,తేజ,38,195’ వరకే రావచ్చు. నాలుగు గడులూ నిండినయ్, ఎర్రర్ రాదు, క్వింటాలు 195 రూపాయలకు పట్టీ తయారు. మిగిలిన ‘00’ పోయి తర్వాతి లాటుకు అంటుకుంటది. ‘00418’ను అంకెగ మారిస్తే 418యే గదా, అక్కడా దొరకదు. నీ ల్యాప్‌టాప్‌ల ఎన్నడూ కానరాదు, మార్చిల మార్కెట్ నిండినప్పుడు బయటపడ్తది.

అందుకే ప్రతి మెసేజ్ ముందు 4 బైట్లల్ల పొడుగు రాయి, ఎక్కువ విలువున్న బైటు ముందు. చదివేటప్పుడు ఆ 4 నిండేదాక లూపు, తర్వాత అన్ని బైట్లు నిండేదాక లూపు. రీడ్ సున్నా ఇస్తే అవతలోడు మూసేసిండు, సగం మెసేజ్ పారెయ్. పొడుగు 1 ఎంబీ దాటితే నమ్మకు, కనెక్షన్ తెంపు. పొడుగంటే అక్షరాలు కాదే పిచ్చిదానా, బైట్లు: ‘తేజ’ యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్‌ల 9 బైట్లు. పరీక్షకు ఒక్కో బైటు ఆపి ఆపి పంపి చూడు.

జవాబుకు టైమౌట్ పెట్టు. మళ్ల పంపితే ఒకే లాటుకు రెండు పట్టీలు కావద్దు, తేదీ, లాటు నంబరు కలిపి చూసి రెండోది ఆపు. ప్రోగ్రాం పడిపోతే యూనిక్స్ సాకెట్ ఫైలు అట్లనే మిగిలి, మళ్ల లేపితే అదే పేరుకు బైండ్ (కట్టుకునుడు) కాదు. లేపే ముందు దాన్ని తీసెయ్.

దసరాకు వచ్చినప్పుడు ఆ చదివే లూపు నాకు చూపెట్టు. రాత్రిళ్లు మేల్కొని రాయకు.

మీ మామ,
హన్మకొండ