కొండ మట్టిని ఎలా చూడాలంటే

అమ్మలూ,

నీకు పాడేరులో పోస్టింగ్ వచ్చిందని విని సంతోషించాం. మట్టి నమూనాల పని అప్పగించారని టెన్షన్ పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. తవ్వడంలో పెద్ద విద్యేమీ లేదు, ఎక్కడ తవ్వాలన్నదే తెలియాలి. మైదానంలో తీసినట్టు నాలుగు మూలలా తీసి ఒకే సంచిలో కలిపేశావో, కొండకు ఆ రిపోర్టు ఎందుకూ పనికిరాదు.

ముందు ఎత్తు చూసుకో. 1000 మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. పాడేరు, అరకు 900 మీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. ఆ చల్లదనానికి రాలిన ఆకు నిదానంగా కుళ్లుతుంది కాబట్టి, చెట్లున్న చోట పైమట్టి ముదురు రంగులో గుల్లగా ఉంటుంది. నీలగిరుల్లో 2000 మీటర్లు దాటాక షోలా అనే ఎత్తు కొండల అడవుల కింద మట్టి దాదాపు నల్లగానే కనిపిస్తుంది. దాన్ని మన నల్లరేగడితో పోల్చకు. రేగడిలో సున్నం ఉంటుంది. కొండమీద వానలు సున్నాన్ని ఎప్పుడో కడిగేశాయి, మట్టి ఆమ్లగుణంలోకి దిగింది.

ఆ వాన సంగతి ఇంకాస్త చెప్పాలి. మీ పాడేరు వైపు కొండల్లో ఎక్కువగా ఖొండలైట్ అనే రాయి ఉంటుంది. వేడీ వానా కలిసి అందులోని సిలికాను, మెగ్నీషియాన్ని లాక్కుపోగా ఇనుము, అల్యూమినియం మిగిలాయి. ఎరుపు ఇనుముది. గాలికొండ, జెర్రెల కొండల నెత్తిన అల్యూమినియం తీసే బాక్సైట్ ఖనిజం పేరుకుంది కూడా ఇలాగే. ఈ ఎర్రమట్టి భాస్వరాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది, మొక్కకు వదలదు. అందుకని భాస్వరం ఇచ్చే సూపర్ ఫాస్ఫేట్ ఎరువును వెదజల్లమని చెప్పకు. పశువుల ఎరువులో కలిపి వేళ్ల దగ్గర వేయించు.

తర్వాత చెట్లు. పోడు కొట్టి కాల్చిన వాలులో మొదటి ఏడు బూడిద బలంతో పంట బాగానే వస్తుంది. నాలుగు వానలకు ఆ బూడిదా పోతుంది, దానితో పైమట్టీ పోతుంది. పక్కనే నీడచెట్ల కింద కాఫీ తోటలో నేల వేరేలా ఉంటుంది. అయితే నీడంతా సిల్వర్ ఓక్‌దే అయితే నాకంత నచ్చదు. దాని ఆకు మొండిది, త్వరగా మట్టిలో కలవదు. పనస, మామిడి కూడా ఉన్న తోట మేలు. ఏ చెట్టు కింద ఏ నేల ఉంటుందో ఊళ్లో పెద్దవాళ్లకు బాగా తెలుసు. నువ్వు చెప్పబోయే ముందు వాళ్లను అడుగు.

ఇక నమూనా. కొండ నెత్తి, వాలు, కింది పల్లం వేటికవే సంచులు. పైనుంచి కొట్టుకొచ్చిన మెత్తటి మట్టంతా పల్లంలోనే చేరుతుంది, వరి అక్కడ పండేది అందుకే. ఎండుటాకులు పక్కకు తీసి, వి ఆకారంలో 15 సెంటీమీటర్లు తవ్వు. కాఫీకైతే ఇంకాస్త లోతు కావాలి. ఎరువు వేసిన వెంటనే తీయకు. సంచిమీద ఎత్తు, వాలు, పైనున్న చెట్లు రాసిపెట్టు, ఫారంలో ఆ గడులు లేకపోయినా సరే.

ఆమ్లగుణం తగ్గడానికి సున్నం వేయించాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకు. ఫలితాలు రాగానే నాకు ఫోటో పంపు, కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న