విజయ్ దివస్ సన్మానం పని మీద పడిన మేనల్లుడికి

అల్లుడూ,

డిసెంబర్ 16న 1971 యుద్ధంలో పనిచేసినవాళ్లకు సన్మానం పని నీ సీటుకే వచ్చిందని అక్క ఫోన్లో చెప్పింది, చాలా సంతోషం. కానీ అప్పుడే శాలువాలకు, మెమెంటోలకు కొటేషన్లు తెప్పిస్తున్నావట. అది చివరి వారం పని. ముందు పేర్లు చూడు.

ఆ ఏడాది పద్దెనిమిదేళ్లకే సర్వీసులో చేరిన కుర్రాడికైనా ఇప్పుడు డెబ్బై దాటాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో జాబితా అడిగి తీసుకో, కానీ దాన్ని అలాగే టైపు కొట్టించి కార్డులు పంపెయ్యకు. ప్రతి ఇంటికీ ఫోన్ చెయ్యాలి, అదీ నువ్వే. నేను ఉద్యోగంలో ఉండగా ఇలాంటి ఒక సభకి, చనిపోయి మూడేళ్లయిన మనిషి పేరు మీద కార్డు వెళ్లింది. ఆయన భార్య ఆ కార్డు పట్టుకుని, ఆయన మెడల్స్ జేబురుమాల్లో మూటగట్టుకుని వచ్చింది. ఆవిడకి ముందు వరసలో కుర్చీ లేదు, పిలవడానికి జాబితాలో పేరు లేదు. ఎవరినీ ఏమీ అడక్కుండా వెనకాల కూర్చుని, అయిపోయాక ఆ మూటతోనే వెళ్లిపోయింది. ఆ రోజు నేను లేచి వెళ్లి ఆవిడని ముందుకి తీసుకురావాల్సింది, తీసుకురాలేదు. అందుకే చెప్తున్నా, భర్త పోయినవాళ్ల పేర్లు జాబితాలో మొదటే రాసుకో.

ఇంకోటి. మన విశాఖలో 1971 అంటే అందరికీ మన తీరం దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీయే. నాకప్పుడు పదకొండేళ్లు, ఊరంతా బ్లాకౌట్, డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక వచ్చిన ఆ పేలుడు చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. అలాగని వచ్చే ప్రతి పెద్దాయన్నీ మైకులో ‘ఘాజీని ముంచిన వీరుడు’ అని పిలిపించకు. ఒకాయన కరాచీ మీదకి వెళ్లిన మిసైల్ బోటులో ఉండి ఉంటాడు, ఇంకొకాయన విమానవాహక నౌక విక్రాంత్ ఇంజన్ గదిలో, మరొకాయన అసలు నేవీయే కాదు, శ్రీకాకుళం నుంచి ఆర్మీలో చేరి బంగ్లా వైపు నడిచినవాడు. చెయ్యని పని అంటగడితే ఆ వయసులో వాళ్లకది అవమానం. ఏ షిప్పు, ఏ యూనిట్, ఏ ర్యాంకు, వచ్చిన మెడల్ తూర్పు వైపు యుద్ధానికిచ్చిన పూర్వీ స్టారా, పడమటి వైపుకిచ్చిన పశ్చిమీ స్టారా అని అడిగి, రెండు వాక్యాలు రాసి, వాళ్లకే చదివి వినిపించి, సరే అన్నాకే యాంకర్ చేతికివ్వు. ఘాజీ మన యుద్ధనౌక రాజ్‌పుత్ దెబ్బకి మునిగిందా, దానంతట అది పేలిందా అన్న వాదన స్టేజీ మీదకి రానివ్వకు. అందులో పోయినవాళ్లూ నావికులే, ఆ మాట నాకు చెప్పింది ఆ యుద్ధంలో పనిచేసిన పెద్దాయనే.

డిసెంబర్ 9న డయ్యూ దగ్గర మునిగిన మన యుద్ధనౌక ఖుక్రీలో 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. మౌనం పాటించేటప్పుడు ఆ అంకెలు చదివించు.

బీచ్‌లో ఆ యుద్ధానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం పొద్దున్నే పెట్టించెయ్, అక్కడే ఎండలో మీటింగ్ మాత్రం పెట్టకు. కింది అంతస్తులో హాలు చూడు, బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి, ఇంటి నుంచి కారు పంపాలి. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆగకుండా మొదలుపెట్టడానికి మీ సార్ దగ్గర ముందే ఒప్పుదల తీసుకో, ఇది కష్టమే, అయినా అడుగు. ఆ పెద్దవాళ్లని స్టేజీ మెట్లెక్కించకుండా అతిథులనే కిందకి దింపు. ఉపన్యాసాలు తగ్గించి, మాట్లాడగలిగిన ఇద్దరు ముగ్గురికి మైకివ్వు, ‘టైం అయిపోయింది’ అని చీటీ పంపకు.

ఆదివారం పొద్దున్న ఇంటికి వచ్చెయ్. మల్కాపురంలో నాకు తెలిసినాయన ఒకరున్నారు, రిటైరయ్యాక పోర్టులో పనిచేశారు కాబట్టి ఆయన్ని ఎవరూ ఫౌజీ అనుకోరు, ఏ జాబితాలోనూ ఉండి ఉండరు. బండి మీద వెళ్దాం.

మీ మావయ్య