జార్జియా ఆర్డర్లకు సేల్స్ టాక్స్ వేయాలా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మంగళగిరి, వెంకటగిరి చీరలు, వన్ గ్రామ్ గోల్డ్ నగలు తెప్పించి సొంత వెబ్‌సైట్‌లోనూ, ఎట్సీ అనే ఆన్‌లైన్ మార్కెట్‌లోనూ అమ్ముతున్నాను. టెక్సస్ వాళ్ల దగ్గర మాత్రమే సేల్స్ టాక్స్ తీసుకుంటున్నా. ఈ ఏడాది వెబ్‌సైట్ నుంచి జార్జియాకు 214 ఆర్డర్లు (సుమారు 18,000 డాలర్లు), న్యూజెర్సీకి 160, కాలిఫోర్నియాకు 90 వెళ్లాయి. అన్ని రాష్ట్రాల్లోనూ రిజిస్టర్ అవ్వాలని ఒకరు, అసలు అక్కర్లేదని ఇంకొకరు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టండి. అక్కర్లేదన్నవారు 2018కి ముందున్న రూలు చెబుతున్నారు. అప్పట్లో ఆ రాష్ట్రంలో షాపో, గోడౌనో, ఉద్యోగులో ఉంటేనే పన్ను వసూలు చేయాల్సి వచ్చేది. 2018 జూన్‌లో వేఫెయిర్ అనే ఆన్‌లైన్ ఫర్నిచర్ కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిబంధన కొట్టేసింది. ఇప్పుడు అమ్మకాలు ఒక హద్దు దాటితే చాలు. ఆ హద్దే రాష్ట్రానికో రకం.

కాలిఫోర్నియాలో అది 5 లక్షల డాలర్లు. మీకు ఇప్పట్లో దానితో పని లేదు. జార్జియాలో లక్ష డాలర్లు లేదా 200 ఆర్డర్లు, ఏది ముందు దాటితే అది. చిన్న వ్యాపారులు దొరికిపోయేది ఈ 'లేదా' దగ్గరే. మీ అమ్మకం 18,000 డాలర్లే అయినా ఆర్డర్లు 200 దాటాయి కాబట్టి మీరు అక్కడ రిజిస్టర్ అవ్వాలి. దాటాక వచ్చినవి 14 ఆర్డర్లే. ఒక్కోటి 85 డాలర్ల చొప్పున 1,190 అనుకుందాం. 8 శాతం వేసుకున్నా పన్ను వంద డాలర్ల లోపే. అది మీ జేబులోంచి కట్టేయండి. ఇప్పుడు కస్టమర్లకు ఫోన్ చేసి అడగడం బాగుండదు.

ఒక్క జాగ్రత్త. రిజిస్ట్రేషన్ రాకముందే వెబ్‌సైట్‌లో జార్జియా పన్ను ఆన్ చేయకండి. పర్మిట్ లేకుండా పన్ను పేరుతో డబ్బు తీసుకోవడం అసలు తప్పు కంటే పెద్ద తప్పు.

న్యూజెర్సీ హద్దు కూడా జార్జియా లాంటిదే. ఇంకో 40 ఆర్డర్లే ఉన్నాయి, పండగ సీజన్‌లో ఇట్టే దాటిపోతాయి. అక్కడ బట్టలకు పన్ను లేదు, నగలకు మాత్రం 6.625 శాతం ఉంది. ఒకే పార్సిల్‌లో చీర, నెక్లెస్ పంపితే చీరకు సున్నా, నెక్లెస్‌కు పన్ను. అందుకే వెబ్‌సైట్‌లో ప్రతి వస్తువుకూ సరైన కేటగిరీ పెట్టండి. అన్నీ 'గిఫ్ట్స్' కింద పడేస్తే చీరకు కూడా పన్ను పడుతుంది.

ఎట్సీ ఆర్డర్ల గురించి బెంగ వద్దు. వాటి పన్ను ఎట్సీయే వసూలు చేసి కడుతుంది. తానా, ఆటా సభల్లో స్టాల్ పెట్టే ఆలోచన ఉంటే మాత్రం ఈ హద్దులు వర్తించవు. ఆ రాష్ట్రం పర్మిట్ ముందే తీసుకోవాలి.

అన్ని రాష్ట్రాల్లో రిజిస్టర్ అవ్వమన్న సలహా ఎందుకు వద్దంటే, ఒకసారి పర్మిట్ తీసుకున్నాక అమ్మకాలు లేని నెలల్లో కూడా గడువులోగా సున్నా రిటర్న్ (అమ్మకాలు లేవని తెలిపే లెక్క) వేయాల్సిందే. మర్చిపోతే ఫైన్. ఒరెగాన్, మోంటానా లాంటి చోట్ల అసలు సేల్స్ టాక్సే లేదు.

వసూలైన పన్నుకు వేరే బ్యాంక్ ఖాతా తెరవండి. ఎల్ఎల్‌సీ (వ్యాపారం అప్పులు యజమాని సొంత ఆస్తి మీద పడకుండా పెట్టుకునే కంపెనీ) ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనిచేయదు. ఆ డబ్బు సరుకు కొనడానికి వాడేసి కట్టలేకపోతే చాలా రాష్ట్రాలు నేరుగా యజమాని మీదకే వస్తాయి.