తెల్లరక్తకణాలు రక్తనాళం గోడను ఎలా దాటుతాయి?

రక్తనాళానికి చిల్లు పడకుండా తెల్లరక్తకణం బయటికి ఎలా వస్తుంది, ఆ సందులోంచే రక్తం ఎందుకు కారిపోదు అని అడిగారు. పెథాలజీ ల్యాబ్‌లో రోజూ ఈ కణాలను చూసే పని నాది. అందుకే కంటికి కనిపించే దానితోనే మొదలుపెడతాను.

వాచిన అపెండిక్స్‌ను ఆపరేషన్ చేసి తీసి మాకు పంపుతారు. దాని స్లైడ్‌లో చిన్న సిరలను వెతికి చూడండి. ఎర్రకణాలు మధ్యలో ఉంటాయి, న్యూట్రోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు మాత్రం లోపలి గోడను అంటుకుని వరుసగా ఉంటాయి. ఒక్కోచోట ఒక కణం సగం లోపల, సగం బయట దొరుకుతుంది. ఇరుకులో దూరుతున్న దాని కేంద్రకం సన్నగా సాగిపోయి ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా అక్కడ కాసేపు ఆగుతాను. అప్పటికే బయటపడ్డవి కండర పొరలో గుంపులుగా కనిపిస్తాయి. అవి అక్కడ ఉంటేనే మేం అక్యూట్ అపెండిసైటిస్ అని రిపోర్టు రాస్తాం.

స్లైడ్‌లో కనిపించనిది దానికి ముందు జరిగిన కథ. దెబ్బ తగిలినా, సూక్ష్మజీవి చేరినా, మొదట కదిలేది గోడే. గోడ లోపలి పొర అయిన ఎండోథీలియం కణాలు తమలో దాచుకున్న పి-సెలెక్టిన్ అనే అంటుకునే ప్రొటీన్‌ను నిమిషాల్లో పైకి తెస్తాయి. అలాంటిదే ఇ-సెలెక్టిన్ తయారై రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ప్రవాహంలో పోతున్న న్యూట్రోఫిల్ వీటికి వదులుగా తగులుకుని, మెల్లగా దొర్లుతుంది. గోడ మీదున్న ఇంటర్‌ల్యూకిన్-8 లాంటి సంకేతం తగలగానే న్యూట్రోఫిల్ మీదున్న ఇంటిగ్రిన్లు అనే పట్టు ప్రొటీన్లు బిగుసుకుని గోడ మీది ఐకామ్-1 అనే ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. కణం ఆగిపోతుంది. తర్వాత చదునై, పాకుతూ రెండు ఎండోథీలియం కణాల మధ్య అతుకును చేరుతుంది. చాలావరకు ఆ అతుకులోంచే దూరుతుంది. కొన్ని మాత్రం నేరుగా ఎండోథీలియం కణం గుండానే వెళతాయి. దూరినంతసేపూ గోడ కణాలు దాన్ని చుట్టూ బిగించి పట్టుకుంటాయి, వెనకే మూసుకుంటాయి. రక్తం కారకపోవడానికి కారణం అదే. ఇదంతా కొన్ని నిమిషాల పని.

ఇంటిగ్రిన్ల పట్టు లేకపోతే ఏమవుతుందో ఒక పసిబిడ్డ కేసులో చూశాను. తల్లిదండ్రులది మేనరికం. బొడ్డు ఊడటం బాగా ఆలస్యమైంది, అక్కడ పుండు పడింది. తెల్లకణాల కౌంట్ 50,000 దాటింది, స్మియర్ (స్లైడ్ మీద పరిచిన రక్తం) నిండా న్యూట్రోఫిల్సే. కానీ పుండులో చీము చుక్క లేదు. చీములో ఎక్కువ భాగం బయటికొచ్చి చనిపోయిన న్యూట్రోఫిల్సే కదా, ఈ బిడ్డలో అవి నాళం దాటనే లేదు. కణాల మీది ప్రొటీన్లను కొలిచే ఫ్లో సైటోమెట్రీ పరీక్షలో ఇంటిగ్రిన్ భాగమైన సీడీ18 దాదాపు లేదని తేలింది. దీన్ని ల్యూకోసైట్ అడ్హెషన్ డెఫిషియన్సీ, టైప్-1 అంటారు. లోపం ఉన్న జన్యువు ఇద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు వస్తుంది. తీవ్రమైన కేసుల్లో ఎముక మజ్జ మార్పిడే దారి. నెల దాటినా బొడ్డు ఊడలేదంటే, పుండ్లు మానడం లేదంటే దయచేసి పెద్ద పిల్లల ఆసుపత్రిలో చూపించండి.

ఇంకొకటి, చాలామందికి టెన్షన్ పెట్టే సంగతి. స్టెరాయిడ్ మొదలుపెట్టాక కౌంట్ పెరగడం మామూలే. గోడకు అంటుకుని ఉన్నవి పట్టు వదిలి ప్రవాహంలోకి వస్తాయి, మజ్జ నుంచీ కొన్ని వస్తాయి. అందుకే రక్తపరీక్షకు ఇచ్చేటప్పుడు స్టెరాయిడ్ వాడుతున్నారని ల్యాబ్‌లో చెప్పండి. జ్వరం కూడా ఉంటే మాత్రం కౌంట్ పెరగడాన్ని మందు మీదకు నెట్టకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి, ఎందుకంటే స్టెరాయిడ్ వాడేవారికి ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది.