నాలుగేళ్ళ బాబుకి ఏ ఆట కొనాలి? ముందు చింతపిక్కలు తీయండి

విజయనగరం నుంచి అడిగారు కదా, నాలుగేళ్ళ బాబుకి పుట్టినరోజు కానుకగా రెండు మూడు వేలలో సరదాగానూ ఉండి చదువూ వచ్చే ఆటవస్తువు ఏది తీసుకోవాలి, అక్షరాలు పలికే బొమ్మ ల్యాప్‌టాప్ మంచిదేనా, ఇంట్లో రెండేళ్ళ పాప కూడా ఉంది అని. నేను శ్రీకాకుళం జిల్లాలో, ఆమదాలవలస వైపు అంగన్‌వాడీ టీచర్ని. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలతోనే నా పొద్దంతా గడుస్తుంది. మా పిల్లలిద్దరూ కూడా ఈ ఆటలతోనే పెరిగారు. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

బొమ్మ ల్యాప్‌టాప్ వద్దండీ. బటన్ నొక్కితే అదే అక్షరం చెప్తుంది, అదే పాట పాడుతుంది, అదే లైటు వెలిగిస్తుంది. పిల్లాడికి మిగిలేది నొక్కడం ఒక్కటే. ఏ ఆటైనా ఎంచేముందు నేను చూసేది ఇదీ: అందులోంచి చదువు తీసేసినా ఆట అలాగే నడుస్తుందా? నడిస్తే ఆ చదువు పైపైన అంటించిందే. లెక్క పెట్టకపోతే ఆట ముందుకి సాగదు అనుకోండి, అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేకుండా వాళ్ళే లెక్క పెడతారు.

ఆ లెక్కన నాలుగేళ్ళకి, రెండు వరసల గుంటల్లో చింతపిక్కలు పంచుతూ ఆడే వామనగుంటల్ని మించిన ఆట నాకు కనబడలేదు. మా సెంటర్‌కి వచ్చే పిల్లల్లో కొందరికి ఇంటి దగ్గరే వందవరకు నేర్పించి పంపుతారు. గడగడా అప్పజెప్పేస్తారు. "ఏడు పిక్కలు ఇయ్యమ్మా" అంటే మాత్రం గుప్పెడు తీసి నా చేతిలో పోసేస్తారు. అంకెల వరస నోటికి వచ్చింది గానీ, ఒక పిక్కకి ఒక అంకె అన్న సంగతి ఇంకా వేలికి తెలియలేదు. వామనగుంటల్లో గుంటకొక పిక్క వేసుకుంటూ పోవడమే ఆట కాబట్టి ఆ సంగతి వేలికి తెలిసిపోతుంది. ఆడగా ఆడగా ఇంకొకటి మొదలవుతుంది. ఏ గుంటలోంచి తీస్తే ఎక్కడ ఆగుతామో పిల్లలు ముందే కళ్ళతో కొలుచుకుంటారు. చెయ్యి గుంట మీద పెట్టి, తీయకుండా ఆగి ఆలోచిస్తున్న నాలుగేళ్ళ పిల్లని చూడడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

అసలు వామనగుంటల చెక్కకి వరసకి ఏడు చొప్పున 14 గుంటలు ఉంటాయి. గుంటకి ఐదేసి పిక్కలు వేస్తే మొత్తం 70. మీ బాబుకి ఇప్పుడే అన్ని వద్దు. ముప్పై గుడ్ల అట్ట ఉంటే రెండు వరసలు కత్తిరించండి, ఆరేసి గుంటలు వస్తాయి. గుంటకి మూడు పిక్కలు చాలు. తన వరసలో ఒక గుంటలోవి అన్నీ తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటే వెయ్యాలి. చేతిలోవి అయిపోగానే పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలో ఉన్నవన్నీ తనవి, అక్కడితో వంతు అయిపోయింది. మొదట్లో గెలుపూ ఓటమీ లేకుండా పంచడం వరకే ఆడించండి.

ఓడిపోతే ఏడుస్తారు, అది మామూలే. కావాలని ప్రతిసారీ ఓడిపోకండి, పిల్లలు పసిగట్టేస్తారు. దానికి బదులు ఆట మొదలవకముందే "నువ్వు చిన్నవాడివి, నీకు నాలుగు పిక్కలు ఎక్కువ" అని వాడు చూస్తుండగానే ఇవ్వండి. మా ఇంట్లో పిల్లలకి జోడీ మా అత్తగారు. "నా పిక్కలన్నీ నువ్వే పట్టుకెళ్ళిపోతన్నావేటిరా!" అని ఆవిడ అంటే మావాడికి పండగే. మీ ఇంట్లో మామ్మో అమ్మమ్మో ఉంటే ముందు వాళ్ళని కూర్చోబెట్టండి. ఖరీదైన పెట్టె ఏదీ ఇవ్వలేని మాటలు ఆ ఆట మధ్యలో నడుస్తాయి.

ఐదేళ్ళు వచ్చేసరికి అష్టాచెమ్మా. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టకుండా చూపుతోనే చెప్పడం వస్తుంది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. కళింగపట్నం బీచికి వెళ్ళినప్పుడు గవ్వలు ఏరుకోవచ్చు. లేదంటే చింతపిక్కల్ని ఒకవైపు గచ్చు మీద అరగదీసినా సరిపోతుంది. మా ఉద్దానం వైపు వేసవిలో పిల్లలు జీడిపిక్కలతో ఆడతారు, నాకూ ఆ ఆటంటే ప్రాణం. కానీ జీడిపిక్క పైతొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, ఈ వయసుకి వద్దు.

మాటలు పెరగాలంటే కొట్టు ఆట, సంత ఆట, లక్కపిడతలతో వంట ఆట. ఒక రోజు బాబుని చేపలమ్మనివ్వండి, మీరు బేరమాడండి. ఇక పరుగులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద మూడు గంటలైనా ఒళ్ళు కదిలించాలి, స్క్రీను ముందు గంటకి మించకూడదు, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది. వీధిలో తొక్కుడుబిళ్ళ గీతలు గీసివ్వండి, ఒంటికాలి గెంతు ఈ వయసులోనే కుదురుతుంది.

ఇలా ఆడిస్తే చదువు వెనకబడుతుందని ఇంట్లో ఎవరైనా అంటే ఒక మాట చెప్పండి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా పునాది దశ అంది, ఆ దశలో ఆటల ద్వారానే నేర్పమంది. ఆ వయసు పిల్లల కోసం కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో 'జాదుయీ పిటారా' అని ఒక పెట్టె విడుదల చేసింది. దాన్ని నింపింది కూడా బొమ్మలూ పజిళ్ళూ ఆటలతోనే.

డబ్బు పెట్టాలనే ఉంటే అక్షరాలు, బొమ్మలు ఏమీ లేని సాదా చెక్క దిమ్మలు కొనండి. ఈరోజు రైలు, రేపు గుడి, ఎల్లుండి ఇంకేదో అవుతాయి. ఏటికొప్పాక లక్క బొంగరం ఒకటి తీసుకోండి. అనకాపల్లి జిల్లా ఊరే, మీకు దూరం కాదు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రతో చేస్తారు, ఆకులు, వేళ్ళు, గింజల నుంచి తీసిన రంగులు లక్కలో కలిపి వేస్తారు. సహజ రంగులేనా అని అడిగి మరీ తీసుకోండి. ఫ్యాక్టరీ బొమ్మలైతే ఐఎస్‌ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి అది తప్పనిసరి. తీర్థంలో, జాతరలో అమ్మే పల్చటి ప్లాస్టిక్ బొమ్మల మీద ఆ గుర్తు ఉందో లేదో తిప్పి చూడండి, లేకపోతే వదిలేయండి.

పాప సంగతి అన్నిటికంటే ముఖ్యం. మూడేళ్ళలోపు పిల్లలకి చింతపిక్కలు, గవ్వలు, గోళీలు అందకూడదు. సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పట్టే వస్తువేదైనా గొంతుకి అడ్డం పడగలదు. బొమ్మల్లో ఉండే గుండీ బ్యాటరీలు ఇంకా ప్రమాదం. మింగితే రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలవు, అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. పాపకి వంటింట్లో గిన్నెలూ మూతలూ ఇవ్వండి. ఏ గిన్నెకి ఏ మూతో వెతుక్కోవడం రెండేళ్ళకి పెద్ద పజిలే.

బాబుతో వామనగుంటలకి పాప నిద్రపోయే వేళ చూసుకోండి. ఆట అయ్యాక గుంటకి మూడేసి మళ్ళీ నింపమని వాడికే చెప్పండి. ఏ గుంటకైనా తక్కువ వస్తే ఒక పిక్క ఎక్కడో కింద పడిందన్నమాట, పాప లేవకముందే ఇద్దరూ కలిసి వెతకండి.